పుత్తూరు కట్టు విప్పాక కూడా అమ్మ అడుగు వెయ్యలేకపోతోంది

కనిగిరి దగ్గర పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో స్థిరపడిన ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. వాళ్ళమ్మకి 63 ఏళ్ళు, బరువు 52 కిలోలు. మూడున్నర నెలల కిందట పొద్దున్నే నీళ్ళ బిందెతో అరుగు దిగుతూ ఒక్క మెట్టు తప్పారు. గట్టిగా పడింది కూడా లేదు, అలా కూలబడ్డారంతే. ఎడమకాలి రెండు ఎముకలూ చీలమండకి నాలుగు వేళ్ళ పైన విరిగాయి. ఆ రాత్రే పెద్దకొడుకు కారు మాట్లాడి పుత్తూరు తీసుకెళ్ళి కట్టు వేయించాడు. మొత్తం మూడు కట్లు పడ్డాయి. విప్పాక చూస్తే కాలు కాస్త లోపలికి వంగి ఉంది, పాదం ఆనిస్తే ప్రాణం పోతున్నట్టు నొప్పి. పాఠకురాలు సెలవు పెట్టి వెళ్ళి ఒంగోలులో ఎముకల డాక్టరుకి చూపించారు. ఎముక పూర్తిగా అతకలేదనీ, ఏడు డిగ్రీలు లోపలికి వంగిందనీ చెప్పి, ఆపరేషన్ చేసి రాడ్ వెయ్యొచ్చు, లేదంటే సిమెంట్ కట్టుతో ఇంకో ఆరు వారాలు చూడొచ్చు అన్నారట. ఎముక గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు వెన్ను దగ్గర మైనస్ 0.9, తుంటి దగ్గర మైనస్ 3.1 వచ్చింది. ఎముకల గుల్లతనానికి ఏడాదికోసారి వేసే ఇంజెక్షన్ (జోలెడ్రోనిక్ ఆసిడ్) ఒకటి రాశారు.

ఇక ఇంట్లో గొడవ. కట్టు పడ్డ కాలికి కత్తి పెట్టకూడదని అన్నగారి పట్టుదల. ఆ ఇంజెక్షన్‌తో దవడ కుళ్ళిపోతుందని యూట్యూబ్‌లో చూశానని కూడా అంటున్నారు. వెన్ను రిపోర్టు బాగానే ఉంది కదా, మందెందుకని ఇంకో మాట. వదిన మూడు నెలలుగా ఒంటిచేత్తో అత్తగారికి బెడ్‌పాన్ దగ్గర్నుంచి అన్నీ చేస్తున్నారు, ఈ మధ్య మాటలు విసురుతున్నారు. అమ్మేమో "కోయించుకోను, ఇట్టాగే వదిలెయ్యండి" అంటున్నారు. తనతో తీసుకొచ్చేద్దామంటే పాఠకురాలి ఫ్లాట్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఉత్తరం చివర్లో ఇంకో మూడు సంగతులు రాశారు: అమ్మకి 35 ఏళ్ళకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు; మోకాళ్ళ నొప్పులకి ఆరేళ్ళుగా ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చే పొట్లం మాత్రలు వేసుకుంటున్నారు; రెండేళ్ళ కిందట షుగర్ బయటపడింది. ఆపరేషన్ చేయించాలా వద్దా, ఇంజెక్షన్ వేయించాలా వద్దా, అమ్మని ఎక్కడ ఉంచాలి అన్నవి వారి ప్రశ్నలు.

మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మూడు పేజీలు పుత్తూరా ఆపరేషనా అన్న గొడవకే పోయాయి. పొట్లం మాత్రల గురించి రాసింది ఒక్క వాక్యం. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను, అందుకని అక్కణ్ణించే మొదలుపెడతాను.

మీ ఇంట్లో రెండు సంగతులు ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. విరిగిన చోటు అతుక్కోవడం ఒకటి. ఒక్క మెట్టు తప్పితేనే విరిగేంతగా ఎముకలు గుల్లబారడం రెండోది. నిలుచున్న ఎత్తు నుంచో అంతకన్నా తక్కువ ఎత్తు నుంచో పడి ఎముక విరిగితే, అది ఎముకలో ఉన్న లోపమనే డాక్టర్లు లెక్కవేస్తారు. మీ అన్నయ్య వేయించిన కట్టుగానీ, ఒంగోలు డాక్టరు వేస్తానన్న రాడ్‌గానీ మొదటి సంగతికే పనికొస్తాయి. రెండోదానికి ఇంజెక్షన్ రాశారు గానీ, వైద్యం ఇంకా మొదలవనే లేదు. దాన్ని అలాగే వదిలేస్తే ఈ కాలు అతికినా, వచ్చేసారి తుంటి దగ్గర విరగొచ్చు. తుంటి విరిగితే కట్టుతో సరిపెట్టుకునే వీలుండదు.

పొట్లం సంగతి చూద్దాం. మాత్ర వేసుకున్న గంటలోనే నొప్పి తగ్గడం, ఆకలి పెరగడం, ముఖం గుండ్రంగా ఉబ్బడం, చెయ్యి గోడకి తగిలినా నల్లగా కమిలిపోవడం, కొత్తగా షుగర్ రావడం: వీటిలో షుగర్ ఒక్కటే మీరు రాశారు. మిగతావి ఉన్నాయేమో ఓసారి గుర్తుచేసుకోండి. ఉంటే ఆ పొట్లంలో నొప్పి బిళ్ళతో పాటు స్టెరాయిడ్ ఉందనుకోవాలి. డెక్సామెథాసోన్ 0.5 మిల్లీగ్రాముల బిళ్ళ చూడ్డానికి చాలా చిన్నది. రోజుకి రెండు వేసుకుంటే ప్రెడ్నిసలోన్ లెక్కలో 6 మిల్లీగ్రాముల పైమాటే. రోజుకి 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసలోన్ మూడు నెలలు దాటితే చాలు, ఎముక విరిగే ముప్పు పెరుగుతుంది. మీ అమ్మగారు వాడింది ఆరేళ్ళు. ఎముకని కొత్తగా కట్టే కణాలని స్టెరాయిడ్ పనిచెయ్యనివ్వదు, పేగుల్లోంచి కాల్షియం ఒంటికి పట్టనివ్వదు. పైగా తొడ కండరాలు నీరసిస్తాయి, దాంతో తడబాటు పెరుగుతుంది. పడిపోవడానికీ, పడితే విరగడానికీ కారణం ఒక్కటే మందు అవుతుంది.

ఇప్పుడు చెప్పే మాట మీ వదిన గారికి ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపెయ్యొద్దు. ఏళ్ళ తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లో దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు నిద్రపోతాయి. ఉన్నట్టుండి ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, కళ్ళు తిరిగి కూలిపోవడం జరుగుతాయి, ప్రాణం మీదికి కూడా రావచ్చు. పొట్లంలోంచి ఒక రోజు మోతాదు విడిగా తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి జనరల్ ఫిజీషియన్‌కి గానీ ఎండోక్రైనాలజిస్ట్‌కి (హార్మోన్ల డాక్టరుకి) గానీ చూపించండి. ఊళ్ళో ఆర్ఎంపీని మందు పేరు అడిగితే చెప్పకపోవచ్చు. దెబ్బలాడకుండా, "ఆపరేషన్ డాక్టరు అడుగుతున్నాడు, మందు పేరు రాసివ్వండి" అంటే చాలాసార్లు రాసిస్తారు. ఉదయం 8 గంటలకి తీసే కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్) రక్తపరీక్ష చూసి, వారాల మీద నెలల మీద మోతాదు దించుకుంటూ వస్తారు. ఆపరేషన్‌కి ఒప్పుకుంటే మత్తు డాక్టరుకి ఈ సంగతి ముందే తెలియాలి, ఆ రోజున స్టెరాయిడ్ మోతాదు పెంచాల్సి ఉంటుంది. చెప్పకుండా దాచితే బల్ల మీదే బీపీ పడిపోవచ్చు.

పొట్లంలోని నొప్పి బిళ్ళ ఆరేళ్ళు వాడితే కిడ్నీలకీ దెబ్బే. అందుకని క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ఆ ఏడాది ఇంజెక్షన్ మాట ఎత్తకూడదు.

అండాశయాలు 35 ఏళ్ళకే తీసేశారన్నారు. ఎముకని కాపాడే ఈస్ట్రోజెన్ ఆ రోజుతోనే ఆగిపోయింది. సహజంగా ముట్లుడిగే వయసు కన్నా పది పదిహేనేళ్ళ ముందే ఎముక కరగడం మొదలైందన్నమాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో మన రెండూ ముందున్నాయి. ఆ రోజుల్లో అండాశయాలు ఉంచమని అడగాలని ఎవరికీ తెలియదు. అమ్మ తప్పేం లేదు. మీకు పిన్నమ్మలో అక్కలో ఉండి, ఇదే ఆపరేషన్ చిన్న వయసులో చేయించుకుని ఉంటే, వాళ్ళూ ఒకసారి డెక్సా తీయించుకోవడం మంచిది.

ఇక కాలు. పుత్తూరు గురించి మీ అన్నయ్యతో వాదన ఆపెయ్యండి. జరిగిపోయింది. పైగా ఆయన చెప్పేదాంట్లో కొంత నిజముంది. ముక్కలు పక్కకి జరగని విరుపు ఏ కట్టుతో కదలకుండా ఉంచినా అతుకుతుంది, ఆకు పసరూ గుడ్డుసొనా వెదురు బద్దలూ అయినా సరే. తేడా ఎక్కడొస్తుందంటే, కట్టు వేసిన రోజునా, వారానికీ, రెండు వారాలకీ ఎక్స్‌రే తీసి ముక్కలు జారాయేమో చూసుకోవడం అక్కడ ఉండదు. చీలమండకి నాలుగు వేళ్ళ పైన రెండు ఎముకలూ విరిగితే, వాపు తగ్గగానే కట్టు వదులై ముక్క జారడం మామూలే. మీ అమ్మగారికి అదే జరిగింది. కట్టు మరీ బిగించి వేళ్ళు నల్లబడే ప్రమాదం కూడా ఉంటుంది, అది తప్పిందని సంతోషించాలి.

అసలు అమ్మగారి ఎముక అతకలేదని అప్పుడే అనుకోనక్కర్లేదు. కాలి పెద్ద ఎముక కింది భాగం ఒంట్లో నెమ్మదిగా అతికే చోట్లలో ఒకటి. మీ ముంగాలి మీద వేలితో నొక్కి చూసుకోండి: చర్మం, వెంటనే ఎముక. మధ్యలో కండ లేదు. కండలోంచి రావాల్సిన రక్తం అక్కడికి తక్కువ. ఆరోగ్యవంతుడికే నాలుగైదు నెలలు పడుతుంది. షుగరూ స్టెరాయిడూ ఉన్నవాళ్ళకి ఇంకా ఆలస్యమవుతుంది. తొమ్మిది నెలలు దాటి, ఆఖరి మూడు నెలల ఎక్స్‌రేల్లో ఏ మార్పూ లేకపోతేనే అతకని విరుపు అంటారు. మీరింకా మూడున్నర నెలల్లో ఉన్నారు. కాబట్టి ఒంగోలు డాక్టరు రెండు దారులు చెప్పడం తేల్చలేక కాదు, రెండూ నిజంగానే ఉన్నాయి.

సిమెంట్ కట్టు దారి ఎంచుకుంటే, మోకాలి చిప్ప కింద ఆనుకునేలా మలిచి వేసే కట్టు అడగండి. అందులో బరువు మోకాలి కింది చుట్టుపట్టుకి పంచుకుపోతుంది, మోకాలు వంగుతుంది, వాకర్‌తో నేల మీద కాలు ఆనించొచ్చు. కాలు ఆనిస్తేనే ఎముకకి అతకాల్సిన అవసరం తెలుస్తుంది. మంచం మీద కాలు పైకి పెట్టి పడుకోబెట్టడం ఈ వయసులో అన్నిటికన్నా చెడ్డ దారి. మిగిలిన ఎముకా కరుగుతుంది, పిక్కల్లో రక్తం గడ్డకడుతుంది, వీపున పుండ్లు పడతాయి. ఈ దారిలో వచ్చే నష్టమల్లా, ఆ ఏడు డిగ్రీల వంకర అలాగే ఉండిపోతుంది. పక్కకి వంకర ఐదు డిగ్రీల లోపుంటే డాక్టర్లు మామూలుగా వదిలేస్తారు. ఏడు అంటే గీటు దాటి కొంచెం. పొలం పని చేసే నలభై ఏళ్ళ మనిషికైతే సరిచెయ్యమనేవాణ్ణి. ఇంట్లో తిరిగే మనిషికి అది భరించగలిగే వంకరే. కాకపోతే నడిస్తే చీలమండ లోపలి వైపు నొప్పి, అరిగిన మోకాలి మీద ఇంకొంచెం భారం తప్పవు. డాక్టరు చెప్పిన వైపు చెప్పు అంచు ఎత్తు వేయించుకుంటే కొంత ఊరట.

ఆపరేషన్ దారిలో వంకర సరవుతుంది, రాడ్ పడితే నడక త్వరగా మొదలవుతుంది. కానీ ఇప్పటికే సగం అతికినదాన్ని మళ్ళీ విడదీయాలి. పక్కనున్న సన్న ఎముకని కూడా కొయ్యాల్సి రావచ్చు. తుంటి నుంచి కాస్త ఎముక తీసి అక్కడ పెట్టాల్సి రావచ్చు. గుల్ల ఎముకలో మామూలు స్క్రూలు పాత తలుపు చెక్కలో మేకుల్లా ఊడివస్తాయి. అందుకని ప్లేట్ వేస్తే స్క్రూ తల ప్లేట్‌లోకే మర బిగిసే లాకింగ్ ప్లేట్ వెయ్యాలి. అయితే ప్లేట్‌కి మీ అమ్మగారి చర్మమే అడ్డు. స్టెరాయిడ్‌తో పలచబడ్డ చర్మం, షుగరు, కింద కండ లేని చోటు: గాయం మానక ప్లేట్ బయటపడే ముప్పు ఎక్కువ. ఎముక లోపలి నుంచి వెళ్ళే రాడ్ అయితే ఆ ముప్పు తక్కువ. ఏదైనా సరే మూడు నెలల సగటు చెప్పే షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) 8 లోపు ఉంటేనే తేదీ తీసుకోండి. ఖర్చు గురించి మీరు రాయలేదు గానీ, ప్రభుత్వ ఆరోగ్య పథకం నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడిగితే పథకంలో ఏది వస్తుందో చెబుతారు.

నా మొగ్గు సిమెంట్ కట్టు దారికే. ఆరు వారాల తర్వాత ఎక్స్‌రేలో అతుకు కనబడితే ఆపరేషన్ తప్పినట్టే. కనబడకపోతే ఆ ఆరు వారాల్లో స్టెరాయిడ్ తగ్గి, షుగర్ అదుపులోకొచ్చి, విటమిన్ డి పెరిగి, అమ్మ ఆపరేషన్‌కి ఇప్పటికన్నా మెరుగ్గా సిద్ధమై ఉంటారు. ఆ కాలం వృథా పోదు. అయితే ఈలోగా వంకర పది డిగ్రీలకి పెరిగినా, విరిగిన చోట ఎముకలు రాసుకుంటున్నట్టు కదిలినా ఆగొద్దు. పిక్క ఒక్కసారిగా వాచి గట్టిపడినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

డెక్సా రిపోర్టు విషయంలో మీ అన్నయ్య అడిగిన ప్రశ్న మంచిది. వెన్ను మైనస్ 0.9, తుంటి మైనస్ 3.1, ఇంత తేడా ఎందుకు? మైనస్ 1 వరకూ మామూలు, మైనస్ 2.5 నుంచి కిందకి ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకల గుల్లతనం. రెండు చోట్ల రెండు లెక్కలొస్తే తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. వయసుతో వెన్నుపూసల అంచుల్లో ముళ్ళలా పెరిగిన ఎముకని కూడా యంత్రం గట్టిదనమే అనుకుంటుంది. మీ కనిగిరి వైపు ఇంకో కారణం ఉంది, ఫ్లోరైడ్ నీళ్ళు. ఫ్లోరైడ్ పట్టిన వెన్ను ఎక్స్‌రేలో తెల్లగా, స్కాన్‌లో బలంగా కనిపిస్తుంది. కానీ ఆ గట్టిదనం మట్టికుండ గట్టిదనం లాంటిది, దెబ్బ తగిలితే ఆగదు. ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయించండి. రెండు ఎముకల మధ్య పొరకి సున్నం పట్టినట్టు కనిపిస్తే ఫ్లోరోసిస్ ఉందని గట్టి అనుమానం. తాగడానికీ వండడానికీ ఆర్వో నీళ్ళే వాడండి. బోరు నీళ్ళు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి చిక్కబడుతుంది.

ఈ అనుమానం తేలేదాకా ఏ ఇంజెక్షనూ వద్దు. కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, క్రియాటినిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్), రక్తం శాతం, ఈఎస్ఆర్ చేయించండి. ఒకే రోజు ఒకే సిరంజి రక్తంతో అయిపోతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా ఎక్కువుండి విటమిన్ డి అడుగంటితే, ఎముక గుల్లబారడం కన్నా మెత్తబడడం పెద్ద సమస్య అని అర్థం. (విరుపు అతుకుతున్నప్పుడు కూడా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొంత పెరుగుతుంది, ఆ మాట డాక్టరుకి గుర్తుచెయ్యండి.) మెత్తబడ్డ ఎముకకి ముందు విటమిన్ డి, కాల్షియం పట్టించాలి. అవి లేకుండా ఏడాది ఇంజెక్షన్ వేస్తే రక్తంలో కాల్షియం పడిపోయి చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. రక్తం తక్కువగా, ఈఎస్ఆర్ వందకి దగ్గరగా ఉంటే మైలోమా అనే రక్త క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. ఆ పేరు చూసి భయపడొద్దు, అది కాదని తేల్చుకోడానికి చేసే పరీక్ష.

విటమిన్ డి 60,000 యూనిట్ల గుళిక వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు, తర్వాత నెలకొకటి. ఇక్కడ మన ఇళ్ళలో తరచూ జరిగే పొరపాటు, రోజుకొకటి వేసెయ్యడం. రెండు మూడు నెలలు అలా వేసుకుని వాంతులతో, మతి తప్పి ఆస్పత్రిలో చేరినవాళ్ళున్నారు. క్యాలెండర్లో ఆదివారాలకి సున్నా చుట్టండి, వేసుకోగానే అడ్డగీత కొట్టండి. ఒకేసారి ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ పొడిపించేస్తే పోతుంది కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆస్ట్రేలియాలో పెద్ద వయసు ఆడవాళ్ళకి ఏడాదికోసారి ఐదు లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడిపోవడాలూ విరుపులూ తగ్గలేదు, పెరిగాయి.

దవడ భయం. మీ అన్నయ్య చూసిన వీడియో అబద్ధం కాకపోవచ్చు. కానీ అది వేరే లెక్క అయ్యుంటుంది. అదే జోలెడ్రోనిక్ ఆసిడ్‌ని క్యాన్సర్ ఎముకకి పాకినవాళ్ళకి 4 మిల్లీగ్రాములు మూడు నాలుగు వారాలకోసారి ఇస్తారు. దవడ సమస్య ఎక్కువగా వాళ్ళలోనే. ఎముకల గుల్లతనానికి ఏడాదికి ఒక్కసారి 5 మిల్లీగ్రాములు. ఈ మోతాదులో అది ఏటా పది వేల మందిలో ఒకరికి కూడా కష్టమే. అయినా ముందు పళ్ళ డాక్టరుకి చూపించి, పీకాల్సిన పన్నుంటే పీకించి, పుండు మానాకే ఇంజెక్షన్ వేయించుకోండి. వేసేటప్పుడు సీసా మీద 5 అని ఉందో లేదో చూడండి. ముందు రెండు గ్లాసుల నీళ్ళు తాగాలి, 15 నిమిషాలకి తగ్గకుండా నెమ్మదిగా ఎక్కించాలి. మొదటిసారి రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చు, పారాసిటమాల్ చాలు. క్రియాటినిన్‌ని బట్టి కట్టే కిడ్నీ వడపోత లెక్క 35 కన్నా తక్కువుంటే వెయ్యరు. విరుపు అతకడాన్ని ఇది ఆపుతుందన్న భయానికి ఆధారం దొరకలేదు.

అది కుదరకపోతే వేరే దారులున్నాయి. ఆలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల బిళ్ళ అన్నిటికన్నా చవక. వారానికొకటి, పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో మింగి, అరగంట నిటారుగా కూర్చోవాలి. టీ తాగినా, తిరిగి పడుకున్నా గొంతు కింద పుండు పడుతుంది, మందూ ఒంటికి పట్టదు. పొట్లం మాత్రలతో మీ అమ్మగారి పొట్ట ఇప్పటికే మండుతుంటే ఇది నప్పదు. డెనోసుమాబ్ ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే ఇంజెక్షన్, కిడ్నీలు బాగాలేకున్నా వాడతారు. కానీ జనవరిలో వేయించుకుంటే జులైలో వేయించి తీరాలి. ఒకటి రెండు నెలలు దాటితే కాపాడుకున్న ఎముక ఒక్కసారిగా కరిగి వెన్నుపూసలు వరసగా నలిగిపోయే ప్రమాదముంది. తారీఖులు గుర్తుపెట్టుకునే మనిషి ఇంట్లో లేకపోతే అది మొదలుపెట్టకపోవడమే మేలు. టెరిపారటైడ్ రోజూ పెన్నుతో పొట్ట మీద పొడుచుకునేది, ఎముకని కొత్తగా కట్టే మందు. స్టెరాయిడ్‌తో గుల్లబారిన ఎముకకి బాగా పనిచేస్తుంది. రెండేళ్ళ వరకూ వాడతారు, ఆపాక మిగతావాటిలో ఒకటి వాడకపోతే కట్టుకున్న ఎముక కరిగిపోతుంది. నెలనెలా వేలల్లో ఖర్చు, ఫ్రిజ్‌లో ఉంచాలి, ఒక పెన్ను 28 రోజులు. పారాథైరాయిడ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ లెక్కలు తేడాగా ఉంటే కుదరదు. పరీక్షలు మామూలుగా వచ్చి, డబ్బు భరించగలిగితే, దీని గురించి ఎండోక్రైనాలజిస్ట్‌ని తప్పక అడగండి.

తిండి విషయంలో మీ ఇంట్లో పథ్యం నడుస్తోందని నా అనుమానం. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వాతం, పెరుగు జలుబు అని మూడు నెలలు చారన్నం పెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఎముక సగం మాంసకృత్తుల అల్లికే, సున్నం దాని మీద పేరుకుంటుంది. 52 కిలోల మనిషికి రోజుకి 52 నుంచి 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, పాలూ పెరుగూ పెడితే అటూఇటూగా సరిపోతుంది. కిడ్నీ రిపోర్టు తేడాగా ఉంటే మాత్రం డాక్టరు చెప్పినంతే. కాల్షియం రోజుకి 1200 మిల్లీగ్రాములు. పాలూ పెరుగూ కలిపి 400 మిల్లీలీటర్లలో సుమారు 480, యాభై గ్రాముల రాగిపిండి సంకటిలో 170, చెంచాన్నర నువ్వుల పొడిలో వంద పైన, మునగాకో చేపలో ఉంటే ఇంకో వంద. మిగిలినదానికి మధ్యాహ్నం అన్నంతో 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒక్కటి చాలు. గ్యాస్ బిళ్ళ రోజూ వేసుకుంటుంటే కాల్షియం కార్బొనేట్ కన్నా సిట్రేట్ రకం మంచిది. కాళ్ళ పాయా నీళ్ళలోకి దిగే కాల్షియం చాలా తక్కువ, రుచికి తాగితే తాగనివ్వండి. నల్లేరు పచ్చడి కూడా అంతే, నెయ్యిలో బాగా వేయించి చింతపండుతో చేస్తే దురద పెట్టదు. పచ్చడి తింటున్నాం కదా అని మందు మానకపోతే చాలు.

అమ్మని ఎక్కడ ఉంచాలన్నది మీరు చివర్లో అడిగారు, కానీ మీ బాధంతా అక్కడే ఉందనిపించింది. మూడో అంతస్తుకి మోసుకెళ్తే ఆస్పత్రికి తప్ప దింపరు. ఆరు వారాలు పల్లెలోనే ఉంచడం మేలు. కానీ ఉన్నది ఉన్నట్టుగా మాత్రం వద్దు. వదిన గారి విసుగు మూడు నెలల చాకిరీ విసుగు. మీ వంతు డబ్బుతో పొద్దుటి పూటకి ఒక మనిషిని పెట్టించండి. స్నానం, బట్టలు ఆమె చూసుకుంటే వదినకి ఊపిరాడుతుంది. ఎక్స్‌రే తేదీలకి మీరే వచ్చి తీసుకెళ్తానని ముందే చెప్పండి. బెడ్‌పాన్ తీసేసి కమోడ్ కుర్చీ కొనండి. మంచం పక్క నుంచి కుర్చీ దాకా వాకర్‌తో నాలుగు అడుగులు, రోజుకి ఆరేడుసార్లు, అదే ఫిజియోథెరపీలో సగం. వరస ఇది: ముందు వాకర్, తర్వాత దెబ్బ తగిలిన కాలు, ఆ తర్వాత మంచి కాలు. కాలు ఎంత ఆనించాలో డాక్టరు కిలోల్లో చెబితే, బరువు చూసే మెషీన్ మీద ఎడమ పాదం పెట్టించి ముల్లు ఆ అంకె దగ్గరకి వచ్చేదాకా నొక్కమనండి. నాలుగుసార్లు చేస్తే కాలికి ఆ కొలత గుర్తుండిపోతుంది. పడుకున్నప్పుడు మోకాలు చాపి తొడ కండ బిగించి ఐదు లెక్కపెట్టడం, పదిసార్లు, పూటకోసారి.

అరుగు మెట్టుకి పక్కన ఇనుప గొట్టం ఒకటి పాతించండి. బిందె పని ఇకమీదట ఆవిడకి వద్దు. స్నానాల గది గడప దగ్గర రాత్రంతా సున్నా బల్బు వెలగాలి. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి, వెనక పట్టీ ఉన్న చెప్పులు.

"కోయించుకోను" అన్న అమ్మ మాటకి జవాబు మీరు చెప్పకండి. డాక్టరు దగ్గర రెండు ఎక్స్‌రేలు, మొదటిదీ ఇప్పటిదీ, వెలుగులో పక్కపక్కన పెట్టించి ఆవిడకీ, మీ అన్నయ్యకీ ఒకేసారి చూపించమనండి. పుత్తూరు వెళ్ళేముందు తీసిన ఎక్స్‌రే అన్నయ్య బీరువాలోనో ఎక్కడో ఉండి ఉంటుంది, అది వెతికించండి. అప్పటిదాకా ఆపరేషన్ మాట ఇంట్లో ఎత్తొద్దు. ముందు ఆ పొట్లం సంగతి తేల్చండి.